అద్దాల గదిలో పిచ్చుక

మా ఆయనకి ఎవరైనా ఒక మాట చెబితే చాలు, దాన్ని చట్టం చేసి కూర్చుంటాడు. మగ్గానికి రెండు చుక్కల నూనె వెయ్యమంటే, మూడో చుక్క పడకుండా ఊపిరి బిగబట్టి వేసే రకం. మరమగ్గాల షెడ్డులో ఫిట్టరుకి అది మంచి గుణమే. ఇంట్లో మొగుడికి మాత్రం అంత మంచి గుణం కాదు. మాటల టీచరమ్మ "పాపతో బాగా మాట్లాడండి" అన్న పాపానికి మా ఇంట్లో ఏం జరిగిందో వింటే మీరే ఒప్పుకుంటారు.

ముందు మా సంగతి చెప్పాలి. నేను, మా ఆయన, మా అత్త ముగ్గురం మగ్గాల మనుషులమే. అత్త ఇప్పుడు పని మానేసింది గానీ, ఆవిడ చేతి కింద పని నేర్చుకోని వాళ్ళు షెడ్డులో తక్కువ. అక్కడ మగ్గాలు తిరుగుతుంటే గొంతు చించుకున్నా పక్క మనిషికి వినపడదు. అందుకని మేమంతా చేతులతో మాట్లాడుకుంటాం. పోగు తెగింది, కండెలో నూలు అయిపోయింది, మంచినీళ్ళకి వెళ్తున్నాను, మేనేజరు వస్తున్నాడు, ఆయన మొహం చూడు ఎలా పెట్టాడో, అన్నిటికీ చేతులే. తిట్లకైతే మరీ బోలెడు. మనిషికో చేతి పేరు కూడా ఉంది. నా బుగ్గ మీద సొట్ట పడుతుంది కాబట్టి బుగ్గన వేలు గుచ్చితే నేను. పానా తిప్పినట్టు మణికట్టు మెలితిప్పితే మా ఆయన. నోటి దగ్గర రెండు చేతులూ బూరలా పెడితే మా అత్త. ఆవిడ గొంతు ఒక్కసారి విన్నవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

ఆ అలవాటు మాతోపాటే ఇంటికీ వచ్చేసింది. రోజంతా ఆ హోరు విన్నాక ఇంట్లో నోరు తెరిచే ఓపిక ఎవరికుంటుంది? నీళ్ళు కావాలంటే చెయ్యి, తలుపు వెయ్యమంటే చెయ్యి. వెనక్కి తిరిగి ఉన్నవాళ్ళని పిలవాలంటే కాలితో నేల మీద రెండు దెబ్బలు. చెక్క నేల కాబట్టి అదురు అరికాళ్ళకి తెలిసిపోతుంది. అలాంటి ఇంట్లో పుట్టిన మా పిల్లకి చెవులు సరిగ్గా వినపడవని, దానికి మూడేళ్ళు దాటేదాకా మాకు తెలియలేదంటే మీరు నమ్మరు. ఎవరూ నమ్మరు. రమ్మంటే వచ్చేది, ఇమ్మంటే ఇచ్చేది. దానికింకా మాటలు రాలేదేమని చుట్టాలు అడిగితే, మా ఇంట్లో ఎవరు మాట్లాడి చచ్చారని దానికి వస్తాయి అని అత్త దబాయించి పంపేసేది. చేతులతో మాత్రం అది నాలుగూళ్ళ కబుర్లు చెప్పేది. ఆ బుల్లి వేళ్ళు ఒక్క క్షణం ఊరుకోవని షెడ్డులో వాళ్ళు దానికి పిచ్చుక అని పేరు పెట్టారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ముక్కులా టకటకలాడిస్తే అదే మా పిల్ల.

ఒకరోజు వీధిలో ఓ లారీవాడు దాని వెనకే బండి ఆపి, చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టాడు. గుమ్మంలో ఉన్న నేను ఎగిరిపడ్డాను. అది తాపీగా గులకరాళ్ళు ఏరుకుంటూనే ఉంది. అప్పుడు తెలిసింది నాకు.

ఆ తర్వాత పరీక్షలు, చెవి మిషన్లు, మాటల టీచరమ్మ. వినికిడి కొంత మిగిలే ఉందని, మిషన్లు పెడితే మాట అందుతుందని ఆవిడ చెప్పింది. కానీ నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా అవి చెవుల్లోనే ఉండాలట. ఈ వయసులో చెవి వినడం నేర్చుకోకపోతే తర్వాత నేర్పడం చాలా కష్టమట. ఇక మాకు లోకంలో అదొక్కటే పనైంది. ఆ రెండు మిషన్లూ దాని చెవుల్లో నిలబడాలి. మొదట్లో బాగానే నిలబడ్డాయి కూడా. ఫ్యాను తిరిగితే పైకి చూసేది, అత్త అరిస్తే కళ్ళు పెద్దవి చేసేది.

పిల్ల ఎదిగితే చెవీ ఎదుగుతుంది కదా. కొన్నాళ్ళకి చెవిలో దూర్చే అచ్చులు వదులైపోయాయని కొత్తవి చేయించారు. అవి పెట్టిన రోజే టీచరమ్మ ఆ మాట అంది. చేతులతో అడిగిందల్లా టక్కున ఇచ్చేయకుండా, నోటితో కూడా బాగా మాట్లాడమంది. అప్పుడే మా బావగారొకాయన ఇంటికొచ్చి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎన్నాళ్ళు ఊదుతారు, చేతులు ఆడించినంతకాలం దానికి మాట రాదు అని నవ్వుతూ చెప్పి పోయాడు. శంఖమట! ఆయన మళ్ళీ మా గడప తొక్కితే ఆయన చెవిలో నేనే ఊదుతాను శంఖం. మా ఆయన మాత్రం ఆ రెండు మాటలూ కలిపి ముద్ద చేసి చట్టం రాశాడు. ఇంట్లో చేతులు బంద్. పిల్ల చేతులతో ఏం చెప్పినా, నోరు తెరిచేదాకా మొహం పక్కకి తిప్పుకోవాలి. షెడ్డులో వాళ్ళకి కూడా చెప్పేశాడు, దానితో ఎవరూ చేతులాడించొద్దని.

అత్త ఉండుంటే ఆ చట్టం పొద్దు గూకేదాకా కూడా నిలిచేది కాదు. ఆవిడ చెవులు కూడా మగ్గాలు తినేసినవే. కానీ కూతురి పురిటికని అప్పటికే వెళ్ళిపోయింది. నేనెందుకు ఒప్పుకున్నానని అడక్కండి. దాని నోటి నుంచి అమ్మా అన్న మాట వినాలని నాకు మాత్రం ఉండదా? మా ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగాడు, నేను వెనక్కి కట్టుకుని తిరిగాను. ఇద్దరు దొంగల్ని పట్టుకొచ్చి ఇంట్లో వదిలినట్టుండేది.

మొదట్లో పిల్ల చేతులు పెద్దవి చేసి చెప్పింది. మాకు కనపడలేదేమో అనుకుంది. తర్వాత నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకునేది. ఆ తర్వాత మానేసింది. గోడ వైపు తిరిగి కూర్చుని గులకరాళ్ళతో తనలో తను ఆడుకునేది. మాటా రాలేదు, ఉన్న కబుర్లూ పోయాయి. దానికి తోడు కుడి చెవి మిషను పెట్టీ పెట్టగానే పీకేసేది. ఒకసారి చెప్పులో దొరికింది, ఒకసారి పిండి డబ్బాలో. మా ఆయన పెడతాడు, అది పీకుతుంది, మళ్ళీ పెడతాడు. పెట్టుకో తల్లీ అని నోటితో బతిమాలుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మొండిఘటం, నాన్న పోలికే అని నేను తిట్టేదాన్ని. వచ్చే పరీక్షకి వెళ్ళి, మిషను పెట్టుకోవడమే మానేసిందని చెప్పాల్సి వస్తుందేమోనని నాకు తిండి సహించేది కాదు. కళ్ళముందే కాలం కరిగిపోతోంది.

అలా ఉండగా పిల్లని చూసుకునే పక్కింటావిడకి జ్వరం వచ్చింది. చేసేది లేక దాన్ని నాతో షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆ హోరులో మిషన్లు తీసి ఉంచమని టీచరమ్మే చెప్పింది కాబట్టి, వాటిని సంచిలో పెట్టుకుని, మగ్గాలకి దూరంగా, నాకు కనపడేలా పీట మీద కూర్చోబెట్టాను.

అది అక్కడ కూర్చుని షెడ్డంతా చూస్తోంది. అందరి చేతులూ మాట్లాడుకుంటున్నాయి. ఈ మూల నుంచి ఆ మూలకి కబుర్లు, పరాచికాలు, తిట్లు. దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోతున్నాయి. కండెలు చుట్టే ఆవిడ దాన్ని చూసి ముచ్చటపడి వేళ్ళు ముక్కులా కలపబోయి, మా ఆయన్ని చూసి, ఆ వేళ్ళతోనే తల గోక్కుంటూ పోయింది. పిల్ల అదీ చూసింది. తర్వాత చాలాసేపు గుమాస్తా గది వైపే చూస్తూ కూర్చుంది.

ఆ గదికి మూడు వైపులా అద్దాలు. లెక్కలు రాసుకునేటప్పుడు హోరు వినపడకుండా బిగించిన గది. ఆయనకేం చెప్పాలన్నా మేము అద్దం మీద వేలితో కొట్టి, బయట నిలబడి చేతులతోనే చెబుతాం. లోపలి నుంచి ఆయనా చేతులతోనే జవాబిస్తాడు. అరచేత్తో గాలిని తుడిచినట్టు చేస్తే ఆయనే, మా అద్దాలాయన.

సాయంత్రం నూలు లారీ వస్తే అద్దాలాయన గేటు దగ్గరికి వెళ్ళాడు. నేను ఒక మగ్గంలో కండె మార్చి తలెత్తి చూస్తే పీట ఖాళీ.

మగ్గాల సందుల్లోకి చూశాను, నూలు మూటల వెనక చూశాను. తిరిగే బెల్టులు, పట్టాలు, పిల్ల ఎక్కడ చెయ్యి పెట్టిందోనని వంగి ఒక్కో మగ్గం కిందా చూశాను. అంతలో అద్దాలాయన తన గది తలుపు తనే బాదుకోవడం కనిపించింది. పిచ్చుక లోపల ఆయన కుర్చీ ఎక్కి నిలబడి ఉంది. గడియ లోపల పడి ఉంది. దాని వెనక గోడకి షెడ్డు మొత్తం కరెంటు బోర్డు, చేతికందేంత దూరంలో.

మగ్గాలాపి పరిగెత్తాను. నా వెనకే మా ఆయన స్క్రూడ్రైవరుతో వచ్చి, తలుపు బందుల మీద పడ్డాడు. నేను అద్దానికి మొహం ఆనించి, నోరు ఇంత చేసి, తలుపు తియ్యి తల్లీ, గడియ ఎత్తు అని అరిచాను. చట్టం తలకెక్కిందంటే చూడండి, అంత భయంలో కూడా చేతులు ఎత్తలేదు. పిల్ల నా నోరు చూసింది, తల అడ్డంగా ఊపింది. కుర్చీ దిగి వచ్చి అద్దం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది, అచ్చం మేము కొట్టినట్టే. బుగ్గన వేలు గుచ్చుకుని నన్ను పిలిచింది. తర్వాత నా చేతుల వైపు చూపించి, పైకెత్తమంది.

ఇక చట్టం లేదు, గిట్టం లేదు. గడియ పైకెత్తి పక్కకి జరుపు అని చేతులతో చెప్పాను.

తెలుసు, అంది.

మరి తియ్యి, అన్నాను.

తియ్యను, అంది. గాలిని తుడిచి అద్దాలాయన్ని చూపించింది, తర్వాత షెడ్డులో అందరినీ చూపించింది. ఈ గదిలో ఉంటే అందరూ చేతులతోనే మాట్లాడతారు. నువ్వూ నాతో మాట్లాడు. తర్వాత తీస్తా.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. అది ఇరుక్కుపోలేదు. మాట్లాడించుకోవడానికి వెళ్ళి కూర్చుంది! మేము చేతులు కట్టేసుకుంటే, చేతులు విప్పక తప్పని చోటు వెతుక్కుని గడియ వేసుకుంది. ఓసి నీ తెలివి తగలెయ్యా అని నేను ఏడుస్తూ నవ్వుతుంటే అద్దాలాయన నన్ను వింతగా చూశాడు.

పిల్ల అప్పుడు మణికట్టు మెలితిప్పింది. మా ఆయన్ని పిలుస్తోంది. ఆ మహానుభావుడు తల వంచుకుని స్క్రూలు విప్పుతున్నాడు. చొక్కా పట్టుకుని లేపి అద్దం ముందు నిలబెట్టాను. పిల్ల తండ్రిని తేరిపార చూసి, ఎడం అరచేతిలో కుడి చూపుడువేలి గోరుతో గీసింది. గీసి, కుడి చెవిని చూపించింది.

ఈ గీతేమిటో మీకు చెప్పాలి. బట్ట నేసేటప్పుడు పోగును అటూ ఇటూ మోసే నాడె ఉంటుంది కదా, దాని అంచు ఎక్కడైనా గరుకైతే పోగులు పట్టేసి తెగిపోతాయి. అప్పుడు మేము అరచేతిలో గోరుతో గీసి ఫిట్టరుకి చూపిస్తాం. గరుకుంది, పట్టేస్తోంది, ఆపి చూడు అని. మా ఆయన జీవితంలో ఆ సైగని ఒక్కసారి కూడా కాదనలేదు. నోట్లో ముద్ద ఉన్నా లేచి వస్తాడు.

ఆయన స్క్రూడ్రైవరు కింద పడేసి, నూనె చేతులు రెండూ ఎత్తి, ఎక్కడ అని అడిగాడు. పిల్ల చెవి లోపల కింది అంచు చూపించింది. ఎప్పట్నుంచి అని అడిగాడు. కొత్తది పెట్టినప్పట్నుంచి అంది. అంతటితో ఊరుకుందా? నేను చెప్పాను, మీరు చూడలేదు అని, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని మొహం పక్కకి తిప్పి మరీ చూపించింది. మా ఇద్దర్నీ అచ్చు గుద్దినట్టు దించింది.

తలుపు తియ్యమ్మా, చూస్తాను అని మా ఆయన చేతులతో అడిగాడు. అది ఒక్క విసురుతో గడియ తీసేసింది. నేను ఎత్తుకుని గట్టిగా వాటేసుకుంటే నాకు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టైంది. వీపున ఒక్కటి వేద్దామని కూడా ఉంది, కానీ చేతులు ఖాళీగా లేవు. తలెత్తి చూస్తే కండెల ఆవిడ వేళ్ళు ముక్కులా టకటకలాడిస్తోంది. ఆమె పక్కన ఇంకొకావిడ. మగ్గాల మధ్య నుంచి ఇంకొకాయన. షెడ్డంతా పిచ్చుకలే. పిల్ల నా భుజం మీంచి రెండు చేతులతోనూ అందరికీ జవాబు చెప్పింది.

చెవి మడత తీసి చూస్తే లోపల ఎర్రగా పుండు పడి ఉంది. మా ఆయన సంచిలోంచి కుడి మిషను తీసి, చిటికెడు దూది తీసుకుని అచ్చు చుట్టూ మెల్లగా రాశాడు. నాడెని కూడా అలాగే చూస్తాడు, కాయలు కాసిన వేళ్ళకి గరుకు తెలియదని. కింది అంచు దగ్గర దూది పోగు పట్టుకుని నిలబడిపోయింది. కంటికి కనపడనంత గరుకు.

"షెడ్డులో ప్రతి నాడెకీ దూది రాస్తాను. దీనికి రాయాలని తోచలేదే నాకు," అన్నాడు.

అని ఊరుకున్నాడా, జేబులోంచి గరుకు కాగితం తీశాడు. నేను ఆయన చేతి మీద ఒక్కటి వేసి లాక్కున్నాను. "అది మగ్గం కాదయ్యా మగడా, చెవి. రేపు వాళ్ళ దగ్గరికే పోదాం."

మర్నాడు అక్కడ ఒకాయన చిన్న రాపిడి మిషను మీద ఆ అంచు నున్నగా చేసి ఇచ్చాడు. మేము కుర్చీలో సరిగ్గా సర్దుకునేలోపే అయిపోయింది. దానికోసమా మేము తిండి మానుకుని ఏడ్చింది! పుండు మానేదాకా కుడివైపుది పెట్టొద్దని, పిల్ల మొండిదేం కాదని, నొప్పి ఉంటే పెద్దవాళ్ళయినా పీకేస్తారని టీచరమ్మ చెప్పింది. మా ఆయన చట్టం సంగతి విన్నాక మాత్రం ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నోటితో మాట్లాడమన్నాను గానీ, చేతులు కట్టేసుకోమన్నానా నాయనా? ఆ చేతులు లేకపోతే చెవి నొప్పని మీకెవరు చెప్పేవారు? నోరూ ఆడించండి, చేతులూ ఆడించండి. ఏది ముందు అందితే అది పట్టుకుంటుంది."

మా ఆయన బుద్ధిగా తలూపాడు. దీన్ని కూడా చట్టం చేస్తాడని నాకప్పుడే తెలుసు. ఇంటికి వస్తూ దారంతా మాటకో సైగ, సైగకో మాట. బస్సులో జనం మమ్మల్ని చూస్తూ ఉండిపోయారు. పిల్ల మాత్రం ఆగకుండా చెప్పింది. ఇన్నాళ్ళూ దాచుకున్నవన్నీ, తెగిపోయిన చెప్పు, పక్కింటి పిల్లి, గోడ మీద చీమలు ఎటు పోతాయో, అన్నీ. వినీ వినీ నా కళ్ళు నొప్పి పుట్టాయి. అంత హాయిగా నాకెప్పుడూ లేదు.

పుండు మానేలోపే అత్త వచ్చింది. సంగతంతా విని కొడుకు మీద అగ్గిమీద గుగ్గిలమైంది. "నా నోరు కట్టెయ్యి, పడి ఉంటా. చేతులు కట్టేస్తే నేనూ నా మనవరాలూ ఎలా బతకాలిరా?" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంటే, పిల్ల మధ్యలోకి వచ్చి నోటి దగ్గర బూర పెట్టి, తర్వాత తన ఎడం చెవి చూపించి, వినపడుతోంది అంది. ఒక్క మిషనుతోనే! అత్త అరుస్తున్నదల్లా ఆగిపోయి, దాన్ని ఒళ్ళోకి లాక్కుని ముద్దులు పెట్టింది.

పుండు పూర్తిగా మానిన రోజు పొద్దున్నే మా ఆయన దూది తెచ్చి కుడి అచ్చు చుట్టూ రాశాడు. జారిపోయింది. ఇంకోసారి రాశాడు. పిల్లకి కూడా దూది ఇచ్చి రాయించాడు. గరుకు లేదు అని అదే అరచెయ్యి నున్నగా నిమిరి చెప్పింది. అప్పుడు పెట్టాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నానన్న మాటే గానీ నా చూపంతా దాని చెయ్యి మీదే. చెయ్యి చెవి దగ్గరికి వెళ్తుందా, ఇప్పుడు వెళ్తుందా అని. వెళ్ళలేదు. పాలు తాగింది, గులకరాళ్ళు పరుచుకుంది, పిల్లి వెంట తిరిగింది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. రెండు మిషన్లూ చెవుల్లోనే ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళకి అది కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. మా ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి గుమ్మంలో ఆగాడు. ఎప్పటిలా నేల మీద కొట్టడానికి కాలెత్తాడు. ఎందుకో కొట్టకుండా మెల్లగా దించేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"పిచ్చుకా," అన్నాడు. పెద్దగా కూడా అనలేదు.

పిల్ల వెనక్కి తిరిగింది.

తిరిగి ఆయన్నే చూసి, ఏంటి అని చెయ్యి తిప్పింది. మా ఆయన పిలిస్తే తిరుగుతుందా అని చూశాడే గానీ, తిరిగితే ఏం చెప్పాలో అనుకోలేదు పాపం. కళ్ళు తుడుచుకోవాలంటే చేతులు కావాలి, చెప్పాలన్నా చేతులే కావాలి. కళ్ళ సంగతి వదిలేసి రెండు చేతులూ ఎత్తాడు.

ఏమీ లేదు తల్లీ, ఊరికే పిలిచాను, అని చెప్పాడు.